పాత్ర లేని ఊరు

సోమవారం పొద్దున తపాలాలో వచ్చిన ఆ ఉత్తరంలో ఉన్నవి నాలుగే వాక్యాలు.

"కామ్రేడ్ తొల్నాయ్ లివియా గారికి నమస్కారాలు. మీరు తయారుచేసిన జిల్లా గ్రామాల పట్టికలో నూట పద్దెనిమిదో వరసలో మా ఎగువ వెర్చ్‌కి ఎదురుగా, బడి అన్న గడిలో సున్నా ఉంది. ఈ ఉత్తరం నేను ఆ బడిలోనే కూర్చుని రాస్తున్నాను. పొయ్యి ఆరిపోయేలా ఉంది కనుక ఇంతటితో ముగిస్తున్నాను." కింద సంతకం, బొగ్నార్ వెండెల్, ఉపాధ్యాయుడు.

లివియా కోటు కూడా విప్పకుండా నిలబడే చదివింది. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి చదువుతుంటే సున్నా అన్న మాట దగ్గర ఆగింది. కిటికీ బయట మార్చి నెల వాన సన్నగా పడుతోంది. బల్ల మీద ఆమె పరిశోధన గ్రంథం, ముదురు నీలం అట్టతో, ఏడు ప్రతులు దొంతరగా ఉన్నాయి. శుక్రవారం రాజధాని బుడాపెస్ట్ నుంచి ఏడుగురు పరీక్షకులు వస్తారు. అందరి ముందూ ఆమె చేత ఆ గ్రంథాన్ని సమర్థింపజేసి, ఓట్లేసి, పట్టా ఇవ్వాలో వద్దో తేలుస్తారు. పట్టా వస్తే ఈ పరిశోధనాలయంలో ఒక విభాగానికి ఆమె అధిపతి. పన్నెండేళ్ళ చాకిరీకి అదీ ఫలితం.

ఆ గ్రంథానికి ప్రాణం చివర్లో ఉన్న పట్టిక. జిల్లాలో ఉన్న మూడువందల నాలుగు ఊళ్ళు, ఒక్కో ఊరికి పదకొండు గళ్ళు. జనం ఎందరు, బడి ఉందా, డాక్టరు వస్తాడా, దుకాణం ఉందా, రోజుకి ఎన్ని బస్సులు, ఇలా. గడికిన్ని మార్కులు. మొత్తం ముప్పై దాటితే ఆ ఊరికి భవిష్యత్తు ఉంది, డబ్బు పెట్టొచ్చు. ముప్పై లోపయితే దానికి "పాత్ర లేని ఊరు" అని పేరు. ఆ మాట లివియాదే. రెండేళ్ళ క్రితం జిల్లా మండలి ఆ పట్టికను ఉన్నదున్నట్టు తీసుకుని ఆమోదించింది.

ఆమె ఉత్తరం మడిచి కోటు జేబులో పెట్టుకుని కార్డుల గదికి నడిచింది.

కార్డుల గదిలో మాలి ఉంటుంది. అరవై ఏళ్ళ మనిషి. కళ్ళజోడుకి గొలుసు కట్టి మెడలో వేసుకుంటుంది. పరిశోధనాలయంలో టైపు చేసేదీ, కార్డులు కాపాడేదీ ఆవిడే. అంతా ఆవిడని పిన్ని అనే పిలుస్తారు.

"మాలి పిన్నీ, నూట పదిహేడూ నూట పద్దెనిమిదీ తీసిపెట్టవా?"

"రెండు వెర్చ్‌లూనా?" మాలి సొరుగు లాగింది. అంచుల వెంట చిల్లులున్న దళసరి కార్డులు, ఒక్కోదానికి గుర్తుగా కొన్ని చిల్లులు అంచు దాకా కత్తిరించి ఉన్నాయి. అల్లికసూది ఒకటి దొంతర చిల్లుల్లోకి దూర్చి పైకెత్తి మెల్లగా కుదిపింది. కావలసిన రెండు కార్డులూ జారి బల్ల మీద పడ్డాయి. "ఏమయింది? టైపు తప్పా?"

లివియా తన చేతిరాత ఉన్న పెద్ద లెక్కల కాగితం తెచ్చి కార్డుల పక్కన పరిచింది. కొలబద్ద అడ్డంగా పెట్టి ఒక్కో గడినీ చూసుకుంటూ పోయింది. కార్డుల్లో అంతా సరిగ్గానే ఉంది. ఎగువ వెర్చ్‌కి బడి, నలభై ఒక్కమంది పిల్లలు. వారానికి రెండుసార్లు డాక్టరు. దుకాణం. నాలుగు బస్సులు. దిగువ వెర్చ్‌కి ఏమీ లేవు. కాగితం మీదికి వచ్చేసరికి బడి దగ్గర్నుంచి ఆ నాలుగు గళ్ళూ తారుమారయ్యాయి. ఎగువది దిగువకి, దిగువది ఎగువకి. నడుముకి అడ్డగీత కొట్టి ఏడు రాసే అలవాటు ఆ భవనంలో లివియా ఒక్కదానిదే. బడికి వేసిన ఏడు మార్కుల అంకె అక్కడ తప్పు వరసలో నిలబడి ఉంది.

"నాది కాదు కదా?" అంది మాలి గొంతు తగ్గించి.

"కాదు పిన్నీ. నాదే."

మాలి కార్డులు రెండూ తీసి గబగబా దొంతరలో దూర్చేసింది. సొరుగు మూసి దానికి వీపు ఆనించి నిలబడింది. "అయితే శుక్రవారం దాటేదాకా నోరు మెదపకు. ఏడుగురూ వస్తారు, శాండ్విచ్‌లు తింటారు, చేతులెత్తి ఓటేసి పోతారు. ఆ తర్వాత నీ ఇష్టం."

"ఊళ్ళో బడి ఉందట పిన్నీ. మాస్టారు ఉత్తరం రాశాడు."

"ఉంటే ఉంటుందిలే. బడి ఎక్కడికీ పారిపోదుగా, వారంలో."

*

మంగళవారం తొలి బస్సుకి లివియా ఎగువ వెర్చ్ వెళ్ళింది. ఆ ఊరికి వెళ్ళడం అదే మొదటిసారి. పట్టికలో ఉన్న మూడువందల నాలుగు ఊళ్ళలో తను చూసినవి ముప్పై ఉంటాయేమో అని బస్సులో లెక్కేసుకుంది. ఇరవై ఆరు వచ్చాయి.

ఊరు మిట్ట మీద ఉంది. బస్సు దిగిన చోటే ఒక ఇంటి ముందు ఇటుకల గుట్ట, పైన తారు కాగితం కప్పి రాళ్ళు పెట్టారు. ఇటుకల సందుల్లో గడ్డి మొలిచింది. గుట్ట పక్కన ఒక పాతికేళ్ళ మనిషి కోళ్ళకి మొక్కజొన్న చల్లుతోంది.

"బడికి ఎటు వెళ్ళాలమ్మా?"

"తిన్నగా పోండి, చర్చి దాటాక." ఆవిడ లివియా బూట్ల వంక చూసింది. "పట్నం నుంచా? బడి మూసెయ్యడానికొచ్చారా ఏంటి?"

"కాదు, కాదు. ఇల్లు కడుతున్నారా?"

"కట్టాలనుకున్నాం. రెండేళ్ళయింది ఇటుకలు తోలి. అనుమతివ్వరట. మా ఆయన మండలి ఆఫీసుకి తొమ్మిదిసార్లు తిరిగాడు. మీ ఊరికి పాత్ర లేదన్నారట. పాత్రేంటి, మేమేమన్నా నాటకాలేసేవాళ్ళమా అని అడిగొచ్చాడు." ఆవిడ నవ్వింది. నవ్వుతూనే గింజలు గట్టిగా విసిరింది. "పట్నంలో ఎవరో ఒకావిడ ఉందటండీ. కుర్చీలోంచి లేవకుండానే ఏ ఊరు బతకాలో ఏ ఊరు చావాలో లెక్కలేసి చెప్పేస్తుందట. ఎప్పుడన్నా దొరికితే ఈ ఇటుకల మధ్య కూర్చోబెట్టి భోజనం పెడదామనుంది. ఎటెల్కా అనే నేను అత్తగారి వంటపాకలో ఇద్దరు పిల్లల్తో ఎట్లా పడుకుంటున్నానో చూపిద్దామని."

లివియా ఇటుకల గుట్ట వంక చూసింది. దారి చెప్పినందుకు థాంక్స్ చెప్పి నడిచింది.

బడిలో రెండు గదులు. ఆమె లోపలికి అడుగుపెట్టగానే నలభై ఒక్క మందీ ఒక్కసారి లేచి నిలబడి, పెద్ద ఆడవాళ్ళకి చెప్పే పద్ధతిలో, "చెయ్యి ముద్దెట్టుకుంటామండీ!" అని అరిచారు. ఆ అరుపుకి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మాస్టారు పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూడిద గోకుతున్నాడు. పొడుగాటి మనిషి, భుజాలు ముందుకు వంగి ఉన్నాయి, చేతులకి మసి.

"తొల్నాయ్ లివియాని," అంది.

మాస్టారు లేచి చేతులు పంట్లానికి తుడుచుకున్నాడు. తిడతాడేమో అనుకుంది. తిట్టలేదు. "వచ్చారా," అన్నాడు. "లెక్కపెట్టుకోండి మరి. ఇద్దరికి గవదబిళ్ళలు తగ్గాయి, ఇవాళ అందరూ వచ్చారు."

"మాస్టారూ, తప్పు నాది. కాగితం మీదికి ఎక్కిస్తూ వరస మార్చేశాను."

"అంతే అయ్యుంటుందనుకున్నాను. నా పిల్లలూ అట్లానే చేస్తారు, కూడికల్లో." ఆయన పిల్లలని కూర్చోమని చెయ్యూపాడు. "ఇది మూడో ఉత్తరం. మొదటి రెండూ చూసుంటారుగా?"

"లేదే! నాకు ఇదొక్కటే అందింది."

మాస్టారు ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "పోయినేడాది ఒకటి, క్రిస్మస్ ముందు ఒకటి. మీ ఆఫీసు అడ్రసుకే రాశాను. సరే పోనీండి."

మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక బల్ల మీద గుడ్డ పరిచి రొట్టె, ఉప్పులో ఊరేసిన పందిమాంసం ముక్క, ఉల్లిపాయ పెట్టాడు. సీసాలోంచి పుల్లచెర్రీలు గిన్నెలోకి వంపాడు. ఉల్లిపాయని జేబుకత్తితో నాలుగు ముక్కలు చేసి పెద్ద ముక్క ఆమె వైపు జరిపాడు.

"శుక్రవారం నా గ్రంథం మీద చర్చ ఉంది," అంది లివియా. "బుడాపెస్ట్ నుంచి వచ్చేవాళ్ళ ముందే చెప్పేస్తాను. మండలి వాళ్ళు కూడా ఉంటారు."

"చెప్తే?"

"సరిచేస్తారు."

ఆయన రొట్టె నములుతూ తల ఊపాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. బస్సు దాకా తోడు వచ్చాడు. మిట్ట అంచున నిలబడి కిందికి చూపించాడు. దూరంగా ద్రావా నది. ఇవతల పోప్లార్ చెట్ల మొదళ్ళ చుట్టూ నీళ్ళు నిలిచి తెల్లగా మెరుస్తున్నాయి. ఆ నీళ్ళ అంచున పదీ పన్నెండు ఇంటికప్పులు కనిపించాయి.

"అదే దిగువ వెర్చ్. ముసలివాళ్ళు మిగిలారు. మీ పట్టికలో దానికి నలభై నాలుగు మార్కులు."

బస్సు కదిలాక లివియా వెనక్కి తిరిగి చూసింది. మాస్టారు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

*

డైరెక్టర్ హెర్సెగ్‌కి యాపిల్ పండు తొక్క తెగకుండా ఒకే చుట్టగా తీయడం అలవాటు. బుధవారం లివియా చెప్పిందంతా ఆయన కత్తి ఆపకుండానే విన్నాడు.

"ఎన్ని ఊళ్ళమ్మా మొత్తం?"

"మూడువందల నాలుగు."

"తప్పులెన్ని?"

"రెండు వరసలు."

"నూటికి ఒకటి కూడా కాదు. నా గ్రంథంలో ఇంతకంటే ఎక్కువున్నాయి. ఎవరూ చూడలేదంతే." తొక్క చుట్ట తిరుగుతూ పళ్ళెంలోకి దిగింది. "ఆ మాస్టారేనా? ఆయన ఉత్తరాలు రాస్తూనే ఉంటాడు."

"ముందు రాసిన రెండూ వచ్చాయా అయితే?"

"వచ్చాయి. ఇలాంటివి వస్తూంటాయి. నీ పని పాడవుతుందని నీ దాకా రానివ్వలేదు." ఆయన పండుని నాలుగు ముక్కలు కోసి ఒకటి ఆమెకిచ్చాడు. ఆమె తీసుకుంది, తినలేదు.

"తప్పొప్పుల చీటీ ఒకటి వేద్దాం సార్. చర్చలో చెప్పేస్తాను."

హెర్సెగ్ చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. మండలిలో ప్రణాళికలు చూసే షిపోష్‌కి చేశాడు. లివియా ఎదురుగానే కూర్చుంది. "షిపోష్! మన లివియా పట్టికలో రెండు వరసలు తారుమారయ్యాయట… వెర్చ్‌లు… అవును, రెండూ… ఆ, శుక్రవారం అందరి ముందూ చెప్తానంటోంది. నీకు తెలుసుగా లివియా సంగతి, దాచే రకం కాదు…" చాలాసేపు విన్నాడు. రెండుసార్లు నవ్వాడు. ఫోను పెట్టేశాడు.

"ఏమన్నారు?"

"శుక్రవారంలోగా సరిచేస్తానన్నాడు."

ఆమె చేతిలో ఉన్న యాపిల్ ముక్క అప్పుడు తింది.

గురువారం పొద్దున మాలి తప్పొప్పుల చీటీ టైపు చేసింది. ఒక్కో కాగితంలో నాలుగు వచ్చేలా. లివియా కొలబద్ద పెట్టి బ్లేడుతో కోస్తూ కూర్చుంది. నలభై చీటీలు. పదకొండింటికి ఫోను మోగింది. షిపోషే.

"కామ్రేడ్ లివియా! ఒక్కసారి వివరాలు చెప్తారా, రాసుకుంటాను. తేడా ఎన్ని గళ్ళలో?"

"నాలుగు. బడి, డాక్టరు, దుకాణం, బస్సు."

"నెమ్మదిగా, నెమ్మదిగా. పట్టిక ప్రకారం దిగువన బడి. పిల్లలు నలభై ఒక్కరు. ఒకటో తరగతి నుంచా?"

"అవును. కానీ అది…"

"డాక్టరు వారానికి రెండుసార్లు. బస్సులు నాలుగు. దుకాణం ఒకటి. ఎగువన ఇవేవీ ఉండకూడదు. చదివిందంతా సరేనా?"

"పట్టిక ప్రకారం అంతేనండీ. నిజానికి…"

"నిజం సంగతి మేం చూసుకుంటామమ్మా. మీరు రేపటికి బాగా నిద్రపోయి రండి."

ఫోను పెట్టాక లివియా బ్లేడు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఏదో సరిగ్గా లేదనిపించింది. ఏమిటో తేల్చుకోలేకపోయింది. తాను చెప్పింది ఆయన శ్రద్ధగానే రాసుకున్నాడు. మళ్ళీ ఫోను చేసి అడుగుదామనుకుంది. ఏమని అడగాలి? మిగిలిన చీటీలు కోసింది.

*

శుక్రవారం సమావేశపు గదిలో బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. ఏడుగురి ముందూ సోడా సీసాలు. కుర్చీలన్నీ నిండాయి. లివియా మాట్లాడటం మొదలుపెట్టే ముందే చీటీలు పంచింది. చివరి వరసలో ఒక పొడుగాటి మనిషి మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బూట్ల నిండా తడి మన్ను. ఆమె ఆయనకీ ఒక చీటీ ఇచ్చింది. బొగ్నార్ మాస్టారు చదువుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆమె వైపు చూడలేదు.

పరీక్షకులు అడిగినవాటికి గంటసేపు జవాబులు చెప్పింది. చివర్లో కాగితాలు పక్కన పెట్టి అంది: "నూట పదిహేడు, నూట పద్దెనిమిది వరసల్లో తప్పు ఉంది. తప్పు నాదే. ఎగువ వెర్చ్‌లో బడి ఉంది. నేను మంగళవారం వెళ్ళి చూశాను. పిల్లల్ని లెక్కపెట్టాను. రెండేళ్ళుగా ఈ తప్పు మీద ఆధారపడి ఆ ఊళ్ళో ఇళ్ళకి అనుమతి ఆపారు. వరసలు సరిచెయ్యమని కోరుతున్నాను."

గదిలో ఎవరో దగ్గారు. అధ్యక్షుడు, బట్టతల ప్రొఫెసరు, కళ్ళజోడు పైకి జరుపుకుని చీటీ చూశాడు. "దీని మీద మండలివారు ఏమైనా చెప్తారా?"

షిపోష్ లేచాడు. గుండ్రటి మొహం, ముదురు గోధుమ కోటు. చేతిలో ఒకే కాగితం. "కామ్రేడ్ లివియా నిజాయితీకి మా మండలి తరఫున అభినందనలు. అయితే ఈ చీటీతో ఇక అవసరం లేదు. నిన్నటి తేదీతో మా నిర్ణయం చదువుతాను. ఎగువ వెర్చ్ బడి ఈ విద్యాసంవత్సరం చివర మూతపడుతుంది. దిగువ వెర్చ్‌లో రెండు గదుల కొత్త బడి సెప్టెంబరు ఒకటికల్లా లేస్తుంది. డాక్టరు, దుకాణం, బస్సు కూడా అక్కడికే మారతాయి. కాబట్టి పట్టికలో రెండు వరసలూ సరిగ్గానే ఉన్నాయి." కాగితం మడిచాడు. "ఒక్క వరస కదిపితే మిగతా మూడువందల ఊళ్ళూ రేపు మా గుమ్మం ముందు నిలబడతాయి. బుడాపెస్ట్‌లో డబ్బు మంజూరయింది ఈ పట్టిక చూసే."

అధ్యక్షుడు నవ్వాడు. "అంటే అభ్యర్థి లెక్క వాస్తవం కంటే రెండేళ్ళు ముందుంది. ప్రణాళిక అంటే అదే కదా!"

ఏడుగురూ నవ్వారు. గది నవ్వింది. లివియా నిలబడే ఉంది. గురువారం ఫోనులో తాను ఒక్కోటీ చెప్తుంటే షిపోష్ కలం కాగితం మీద గీరిన చప్పుడు ఇప్పుడు చెవిలో వినిపించింది. ఏ గడిలో ఏముండాలో అడిగి మరీ రాసుకున్నాడు. చెప్పింది తనే.

"సభలో ఎవరైనా మాట్లాడతారా?" ఇది ఆనవాయితీగా అడిగే మాట. ఎవరూ లేవరు. చివరి వరసలో మాస్టారు లేచాడు.

"నేను ఎగువ వెర్చ్ టీచర్నండి. నిన్న సాయంత్రం టెలిగ్రాం వచ్చింది. సెప్టెంబరు నుంచి నన్ను కిందికి మారుస్తారట." టోపీ రెండు చేతుల్లో తిప్పుతున్నాడు. "ఈవిడ చెప్తానన్న మాట చెప్పింది, విన్నాను. దాని గురించి కాదు. ఒక్కటి అడగాలి. ఈ పట్టికలో పదకొండు గళ్ళున్నాయి కదండీ. వాటిలో నీళ్ళు ఏ గడిలో ఉన్నాయి?"

"నీళ్ళంటే, కుళాయా?" అన్నాడు అధ్యక్షుడు.

"కాదండి. ద్రావా."

అధ్యక్షుడు పక్కనున్న ఆయన వైపు వంగి ఏదో అన్నాడు. "రాసుకున్నాం, థాంక్స్," అన్నాడు. మాస్టారు ఇంకో నిమిషం నిలబడి, కుర్చీల మధ్య పక్కకి జరుగుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. లివియా ఆయన వెనకే వెళ్ళాలనుకుంది. అభ్యర్థి ఓట్లు తేలేదాకా గది దాటకూడదు.

ఏడుకి ఏడు ఓట్లూ వచ్చాయి. హెర్సెగ్ ఆమె రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాడు. ఎవరో చేతిలో వైన్ గ్లాసు పెట్టారు.

*

శనివారం మాలి సమావేశపు నివేదిక టైపు చేసి తెచ్చింది. బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"సంతకం పెట్టాలి. నీ సంతకం లేనిదే ఇది బుడాపెస్ట్ పోదు. ఇది పోనిదే పట్టా రాదు."

లివియా చదివింది. ఆమె చెప్పిన తప్పు అందులో లేదు. షిపోష్ చదివిన నిర్ణయం లేదు. మాస్టారి ప్రశ్న లేదు. "పట్టికలోని అన్ని వరసలూ ప్రస్తుత స్థితికి అనుగుణంగా ఉన్నట్టు పరీక్షకుల సంఘం గుర్తించింది," అని ఒక వాక్యం ఉంది.

"నువ్వు అక్కడే కూర్చుని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నావు కదా పిన్నీ."

"రాసుకున్నాను." మాలి కళ్ళజోడు గొలుసు వేలికి చుట్టుకుంది. "ఆ పేజీ డైరెక్టరే తీసుకున్నాడు. తప్పు లేనప్పుడు తప్పు గురించి రాయడం ఎందుకన్నాడు. నాకు రిటైర్మెంట్‌కి ఎనిమిది నెలలుందే తల్లీ. నన్నడక్కు."

లివియా కలం మూత తీసింది. చాలాసేపు ఆ వాక్యం చివరి చుక్క వంకే చూస్తూ ఉండిపోయింది. మూత పెట్టేసింది. నివేదిక పట్టుకుని హెర్సెగ్ గదికి వెళ్ళింది.

"జరిగింది జరిగినట్టు రాయండి. అప్పుడు పెడతాను."

ఆయన కోప్పడలేదు. ఆమె చేతిలోంచి కాగితాలు జాగ్రత్తగా తీసుకుని, అంచులు సమంగా తట్టి, సొరుగులో పెట్టాడు. "తొందరేం లేదమ్మా. ఇక్కడే ఉంటుంది. వచ్చే నెల పెడతావో, వచ్చే ఏడాది పెడతావో." సొరుగు మూశాడు. "పక్క జిల్లా పట్టిక పని సోమవారం మొదలవ్వాలి. నువ్వు అలిసిపోయున్నావు, ఇంకెవరికైనా ఇస్తాను. కొన్నాళ్ళు సెలవు తీసుకో. కార్డుల గది తాళం మాలికి ఇచ్చి వెళ్ళు."

"పక్క జిల్లాలో ఎన్ని ఊళ్ళు?"

"రెండువందల నలభై."

"ఎవరైనా వెళ్ళి చూస్తారా?"

హెర్సెగ్ ఆమె వంక జాలిగా చూశాడు. "పద్ధతి నువ్వే కనిపెట్టావు కదా లివియా. వెళ్ళక్కర్లేకుండా."

*

సోమవారం ఆమె ఆఫీసుకి వెళ్ళలేదు. కుట్టుపనికి వాడే కొలత టేపు, పెన్సిలు, నోటుపుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కింది. దిగువ వెర్చ్‌కి ఇంకా బస్సు లేదు. మలుపు దగ్గర దిగి మూడు కిలోమీటర్లు నడిచింది. దారి పోప్లార్ చెట్ల మధ్య నుంచి పోతుంది. రెండుచోట్ల నీళ్ళు దారికి అడ్డంగా వచ్చాయి. చెట్టు వేళ్ళ మీద అడుగులేసి దాటింది. చిన్నపిల్లలు ఎట్లా దాటుతారో అనుకుంటూ కాసేపు నిలబడింది.

ఊరి మొదట్లో పచ్చికబయలు. అందులో కొత్త చెక్క మేకులు పాతి ఉన్నాయి, తలలకి ఎర్రగుడ్డ పీలికలు. దీర్ఘచతురస్రంగా, రెండు గదుల కొలతకి. మేకుల మొదళ్ళలో నీరు ఊరి ఉంది.

పక్కింటి గుమ్మంలో ఒక ముసలావిడ బంగాళదుంపల మొలకలు తుంచుతోంది. నల్ల రుమాలు తలకి కట్టుకుంది. "ఆ మేకులు పాతినవాళ్ళు నన్నేం అడగలేదు," లివియా పలకరించకముందే ఆవిడే అంది. "శుక్రవారం మధ్యాహ్నం వచ్చారు, గంటలో పాతేసి పోయారు. నువ్వూ వాళ్ళ మనిషివేనా?"

"కాదు అవ్వా. నేను నీళ్ళ గురించి అడుగుదామని వచ్చాను. ఇక్కడి దాకా ఎప్పుడైనా వచ్చాయా?"

"ఎప్పుడైనానా?" ముసలావిడ ఒళ్ళో ఉన్న దుంపలు గంపలో వేసి గోడ పట్టుకుని లేచింది. పేరు ఒర్షి అని చెప్పింది. ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. సున్నం వేసిన గోడ మీద అడ్డంగా గోధుమరంగు గీత, ఇంటి ఈ మూల నుంచి ఆ మూల దాకా తిన్నగా ఉంది. "ఏటా సున్నం కొడతాను. ఏటా మళ్ళీ పైకి తేలుతుంది. అది పెద్ద వరద వచ్చిన సంవత్సరానిది. చిన్నవి లెక్కపెట్టం. వచ్చేటప్పుడు చప్పుడు కూడా ఉండదమ్మా. మెలకువ వచ్చేసరికి చెప్పులు తేలుతూంటాయి."

లివియా మోకాళ్ళ మీద కూర్చుని టేపు నేల నుంచి పట్టింది. గాలికి టేపు కొస ఊగుతుంటే ఒర్షి అవ్వ వంగి దాన్ని మడమతో తొక్కిపట్టింది. నూట నలభై రెండు సెంటీమీటర్లు. లివియా నోటుపుస్తకంలో పేజీకి ఎడమవైపు ఊరి పేరు రాసింది. పదకొండు నిలువు గళ్ళు గీసింది. వాటి పక్కన ఇంకొకటి గీసి, అందులో ఆ అంకె వేసింది.

"ఏడాది గుర్తుందా అవ్వా? చిన్నవి కూడా చెప్పు. అన్నీ కావాలి."

"మండలి మనిషివి కానంటివి. రాసుకుని ఎవరికి చూపిస్తావు?"

లివియా పెన్సిలు ఆగింది. ఎవరికి చూపించాలో ఆమెకి ఇంకా తెలియదు. "ముందు రాసుకోనీ," అంది.

"ఇంతకీ ఆ మేకుల్లో ఏం కడతారే?"

"బడి."

"ఇక్కడ పిల్లలేరీ?"

"పైనుంచి వస్తారు. ఒకటో తరగతి నుంచి."

ఒర్షి అవ్వ గోడ వైపు తిరిగింది. ఒకటో తరగతి పిల్లలంటే ఎంతుంటారో గుర్తుచేసుకుంటున్నట్టు, అరచెయ్యి నేలకి సమంగా గాల్లో పట్టి కొంచెం పైకి, కొంచెం కిందికి జరిపింది. ఒకచోట ఆపింది. చెయ్యి గీతకి బాగా కిందుంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఇద్దరూ దాని వంకే చూస్తూ నిలబడ్డారు.